సీనియర్ రాకెట్ ఇంజనీర్ కావాలంటే: ఇంటర్ నుంచి లాంచ్ కంట్రోల్ గది దాకా

ఎంట్రెన్స్ ఫలితాలు వచ్చిన వారం నాకు ఫోన్లు ఎక్కువ. "బావగారూ, మావాడు రాకెట్లు చేస్తానంటున్నాడు. ఏరోస్పేస్‌లో వేసేయమంటారా?" అని ఒకరు, "అమ్మాయికి ఇస్రో అంటే పిచ్చి, ఏం చదివించాలి?" అని ఇంకొకరు. ఇరవై ఏళ్లకు పైగా ప్రొపల్షన్ పనిలో, అంటే రాకెట్‌ను తోసే ఇంజిన్ల పనిలో, ఉన్నవాణ్ని కాబట్టి నన్ను అడగడం సహజమే. కానీ ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదిది. అందుకే ఇక్కడ వరసగా రాస్తున్నాను. చదివేది విద్యార్థి అనుకునే రాస్తున్నాను, తల్లిదండ్రులు పక్కనుంచి చదువుకోవచ్చు.

1. ముందు బ్రాంచి సంగతి తేల్చుకోండి

రాకెట్ ఇంజనీర్ అనే డిగ్రీ లేదు. రాకెట్‌లో ట్యాంకు ఉంది, వెల్డింగ్ ఉంది, వాల్వు ఉంది, రసాయనం ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది, కేబుల్ కట్టలు ఉన్నాయి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్, కెమికల్, మెటలర్జీ చదివినవాళ్లందరికీ అందులో చోటుంది. ఇస్రో మాజీ చైర్మన్ సోమనాథ్ గారు కొల్లంలో బీటెక్ మెకానికల్ చదివి 1985లో తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్‌లో చేరారు. ఏరోస్పేస్ మాస్టర్స్ బెంగళూరు ఐఐఎస్‌సీలో చేశారు.

నా సలహా ఇది. పేరున్న కాలేజీలో ఏరోస్పేస్ వస్తే నిక్షేపంగా చేరండి. ఊరి చివర కొత్తగా పెట్టిన కాలేజీలో ఏరోస్పేస్ సీటు, మంచి కాలేజీలో మెకానికల్ సీటు రెండూ వస్తే మెకానికలే తీసుకోండి. ఇస్రో ఇంజనీర్ నోటిఫికేషన్లలో ఎక్కువ పోస్టులు ఎప్పుడూ మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకే పడతాయి.

తిరువనంతపురం దగ్గర వలియమలలో ఐఐఎస్‌టీ ఉంది. 2007లో ఇస్రో కోసమే పెట్టిన విద్యాసంస్థ. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో సీటిస్తారు. ర్యాంకు వస్తే ఇది దగ్గరి దారి. రాకపోతే ఏడుస్తూ కూర్చోనక్కర్లేదు, కింద చెప్పే దారుల్లో వచ్చినవాళ్లే మా హాళ్లలో ఎక్కువ కనిపిస్తారు.

డిప్లొమా పిల్లలకు ఒక మాట. ఇప్పటి ఇస్రో చైర్మన్ నారాయణన్ గారు కన్యాకుమారి జిల్లా నుంచి వచ్చిన మనిషి. మొదట మెకానికల్‌లో డిప్లొమా చేశారు. తర్వాత ఏఎంఐఈ, అంటే పరీక్షలు రాసి తెచ్చుకునే, ఇంజనీరింగ్ డిగ్రీతో సమానమైన అర్హత. 1984లో ఇస్రోలో చేరారు. ఉద్యోగంలో ఉంటూనే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో క్రయోజెనిక్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్, ఆ తర్వాత పీహెచ్‌డీ చేశారు. మన పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 పైభాగంలో ఉండే సీ25 క్రయో స్టేజికి (అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే అంచెకు) ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా పనిచేసి, 2025 జనవరిలో చైర్మన్ అయ్యారు. డిప్లొమా వాళ్లకు టెక్నికల్ అసిస్టెంట్, ఐటీఐ వాళ్లకు టెక్నీషియన్ పోస్టులుంటాయి. ఫిట్టరు, వెల్డరు, టర్నరు లేకుండా రాకెట్ కదలదు. ఈ మాట మర్యాద కోసం అనడం లేదని నాలుగో మెట్టులో మీకే తెలుస్తుంది.

2. కాలేజీలో ఉండగా రెండు లెక్కలు చేత్తో వేయండి

కోర్సులు, సర్టిఫికెట్లు పక్కన పెట్టి ముందు కాగితం, పెన్ను తీసుకోండి.

మొదటి లెక్క. భూమి చుట్టూ కింది కక్ష్యలో తిరగాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. గాలి రాపిడికీ, గురుత్వాకర్షణకూ పోయేది కలుపుకుంటే రాకెట్ సుమారు 9.4 సాధించాలి. వాయువులు నాజిల్‌లోంచి సెకనుకు 3 కిలోమీటర్లతో వెళ్తున్నాయనుకుందాం. 9.4ని 3తో భాగించి, e (సుమారు 2.718) ని ఆ ఘాతానికి పెంచండి. 23 దరిదాపుల్లో వస్తుంది. అంటే 23 టన్నుల రాకెట్ నిలబెడితే అందులో 22 టన్నులు ప్రొపెల్లెంటే (ఇంధనం, దాన్ని మండించే పదార్థం కలిపి). మిగిలిన ఒక్క టన్నులోనే ట్యాంకులు, ఇంజిను, కేబుళ్లు, ఉపగ్రహం అన్నీ సర్దుకోవాలి. సర్దుకోవు. అందుకే స్టేజీలు. ఖాళీ అయిన ట్యాంకును మోసుకుపోకుండా వదిలేస్తూ వెళ్లాలి. ఈ లెక్క ఒకసారి చేత్తో వేసినవాడికి పీఎస్‌ఎల్‌వీకి నాలుగు స్టేజీలు ఎందుకో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

రెండో లెక్క. పీఎస్‌ఎల్‌వీ మొదటి స్టేజి మోటారు వ్యాసం 2.8 మీటర్లు. లోపల పీడనం 60 బార్, గోడ మందం 8 మిల్లీమీటర్లు అనుకోండి. పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి మందంతో భాగిస్తే గోడలో వచ్చే ఒత్తిడి 1,050 మెగాపాస్కల్స్. మన ఇళ్లకు, షెడ్లకు వాడే మామూలు ఉక్కు 250 దగ్గరే లొంగిపోతుంది. మరి ఆ మోటారు ఎలా నిలుస్తోంది? మారేజింగ్ స్టీలుతో. అది 1,700 దాకా తట్టుకుంటుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధానీ అలాంటి ప్రత్యేక లోహాలు తయారుచేసే ఫ్యాక్టరీయే. సంతోష్‌నగర్ వైపు బస్సులో వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ కాంపౌండు గోడ వెనక ఏముందో తెలియదు.

ఇంటర్వ్యూలో నేను కూర్చున్నప్పుడల్లా చూసేది ఇదే. కుర్రాడు ఎనాలిసిస్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన రంగురంగుల బొమ్మ చూపిస్తాడు. "ఈ ఎర్రటి చోట ఒత్తిడి ఎంత రావాలి, చేత్తో వేసి చెప్పు బాబూ" అంటే నీళ్లు నములుతాడు. బొమ్మ తప్పని నేననను, బొమ్మ తప్పయితే పట్టుకోవడం వాడికి రాదు. అదీ ఇబ్బంది.

ఒక హెచ్చరిక కూడా. వీడియోలు చూసి ఇంట్లో ప్రొపెల్లెంట్ కలపకండి. వేళ్లు పోగొట్టుకున్న పిల్లలున్నారు. చట్టం కూడా ఒప్పుకోదు. చేతులు ఊరుకోకపోతే వర్క్‌షాప్‌లో లేత్ మీద పనిచేయండి, ప్రెషర్ సెన్సర్ కాలిబ్రేట్ చేయండి, వచ్చిన డేటాను పైథాన్‌లో గీయండి. రేపు ఉద్యోగంలో చేసేది అదే.

3. లోపలికి వెళ్లే గుమ్మాలు

ఇస్రోకి బీటెక్ తర్వాత ఐసీఆర్‌బీ (ఇస్రో నియామక బోర్డు) నోటిఫికేషన్ ద్వారా వెళ్లాలి. పోస్టు పేరు సైంటిస్ట్/ఇంజనీర్ 'ఎస్‌సీ' (ఇది హోదా పేరు, రిజర్వేషన్ వర్గం కాదు). మొదటి బేసిక్ రూ. 56,100, పైన అలవెన్సులు. బీటెక్‌లో 65 శాతం లేదా పదికి 6.84 సీజీపీఏ అడుగుతారు. ఇటీవలి నోటిఫికేషన్లలో వయసు 28 దాటకూడదు, రిజర్వేషన్ వాళ్లకు సడలింపు ఉంది. ఒక్కోసారి రాత పరీక్ష పెడతారు, ఒక్కోసారి గేట్ స్కోరు తీసుకుంటారు. కాబట్టి గేట్ రాసి ఉంచుకోవడం తెలివైన పని. అదే స్కోరు హైదరాబాద్ డీఆర్‌డీవో ల్యాబుల సైంటిస్ట్ 'బి' పోస్టులకీ పనికొస్తుంది. అక్కడ చేసేది క్షిపణులు కాబట్టి ప్రొపల్షన్ పని దగ్గరిదే.

మనవాళ్లకు ఇస్రో అంటే శ్రీహరికోట. సూళ్లూరుపేటలో దిగి, పులికాట్ మీది రోడ్డులో వెళ్తే ఉద్యోగం అక్కడే అనుకుంటారు. నిజానికి రాకెట్ డిజైన్ ఎక్కువగా తిరువనంతపురంలో, ద్రవ ఇంజిన్ల పని వలియమలలో, వాటిని మండించి చూసే హాట్ టెస్టులు తమిళనాడు దక్షిణపు కొసన మహేంద్రగిరిలో. శ్రీహరికోటలో ఘన ప్రొపెల్లెంట్ పోతపోసే ప్లాంటు, రాకెట్ బిగింపు, రేంజ్ సేఫ్టీ (రాకెట్ దారి తప్పినా జనానికి ప్రమాదం లేకుండా చూడడం), ప్రయోగం. పోస్టింగ్ ఎక్కడ పడినా వెళ్లాల్సిందే. మలయాళం నాలుగు ముక్కలు నేర్చుకోవడానికి సిద్ధపడండి, క్యాంటీన్‌లో ఉపయోగం.

ప్రైవేటు దారి ఇప్పుడు నిజంగానే తెరుచుకుంది. హైదరాబాద్ స్కైరూట్‌ను 2018లో పెట్టిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో పనిచేసి వచ్చినవాళ్లే. 2022 నవంబర్ 18న వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. స్టార్టప్‌లో రెండేళ్లలోనే మీ చేతికి పెద్ద పని వస్తుంది. తప్పు చేస్తే పట్టుకునే సీనియర్లు మాత్రం తక్కువ ఉంటారు, అదొక్కటి ఆలోచించుకోండి. ఇవేవీ కుదరకపోతే ఎంటార్ లాంటి విడిభాగాల కంపెనీలున్నాయి. ఇస్రో రాకెట్లలో వాడే వికాస్ ద్రవ ఇంజిన్ల భాగాలు చేసే షాప్ ఫ్లోర్ మీద మూడేళ్లు ఉన్నవాణ్ని ఏ టీమైనా కళ్లకద్దుకుంటుంది.

అమెరికా వెళ్లి ఎంఎస్ చేసి అక్కడి రాకెట్ కంపెనీలో చేరతాననేవాళ్లు అప్పు తీసుకునే ముందు ఇది చదవండి. రాకెట్ టెక్నాలజీ అక్కడ ఐటార్ అనే ఎగుమతి నిబంధనల కింద ఉంది. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు తప్ప మిగతావాళ్లకు ఆ సమాచారం చూపించాలంటే ప్రత్యేక లైసెన్స్ కావాలి. స్టూడెంట్ వీసా, హెచ్1బీ ఉన్నవాళ్ల కోసం ఆ తంటా పడే కంపెనీ అరుదు. కన్సల్టెన్సీ వాళ్లు ఈ సంగతి ఎత్తరు.

4. మొదటి ఐదేళ్లు ఒక్క భాగాన్ని పట్టుకోండి

అసలు విషయం ఇక్కడుంది.

చేరిన కొత్తలో అందరికీ రాకెట్ మొత్తం కావాలి. మీకిచ్చేది మాత్రం ఒక వాల్వు, లేదా ఒక సెపరేషన్ బోల్టు, లేదా ఒక కనెక్టర్ల జాబితా. మొహం మాడ్చుకోకండి. ఆ వాల్వు గురించి దేశంలో మీకంటే ఎక్కువ తెలిసినవాడు ఉండకూడదు అన్నట్టు దాన్ని చదవండి. దాని డ్రాయింగు, సీలు పదార్థం, ఎవరు మెషినింగ్ చేశారు, ఏ బ్యాచ్ లోహం, చలికి ఎంత ముడుచుకుంటుంది, ఎన్నిసార్లు తెరిచి మూశారు, ఇంతకు ముందు ఏ ఫ్లైట్‌లో ఏం ఇబ్బంది పెట్టింది.

ఎందుకంటే రాకెట్లు పోయేది ఇలాంటివాటితోనే. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 లేచింది, రెండు స్టేజీలూ బాగానే పనిచేశాయి. మూడోది, క్రయో ఇంజిను, వెలగలేదు. కారణం వెతికితే, ద్రవ హైడ్రోజన్ ట్యాంకు మీది ఒక వెంట్ వాల్వు (ఎక్కువైన వాయువును బయటికి వదిలేది) లీకైంది. ట్యాంకులో ఉండాల్సిన పీడనం లేకపోయేసరికి ఇంజినుకు ఇంధనం సరిగా అందలేదు. వాల్వులోని మెత్తటి సీలు దెబ్బతినడం దగ్గర మొదలైన కథ. ఉపగ్రహం పోయింది.

నా సంగతి చెబుతాను. చేరిన రెండో ఏడు. ఒక టెస్ట్ సెంటర్‌లో పైపు జాయింటుకు హీలియం లీక్ టెస్ట్ చేస్తున్నాం. ఫ్లాంజి బోల్టులను ఎదురెదురుగా, టార్క్ రెంచితో మూడు విడతల్లో బిగించాం. లోపల హీలియం నింపి, బయట డిటెక్టర్ ముక్కును జాయింటు చుట్టూ నెమ్మదిగా తిప్పాలి. సాయంత్రం ఆరు దాటింది, బస్సు టైమైంది. మీటరు పెద్దగా కదల్లేదు. లాగ్‌బుక్‌లో "లీక్ లేదు, ఓకే" అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు రివ్యూలో మా సీనియర్ పుస్తకం తిప్పి, ఆ గీత మీద వేలు పెట్టి అడిగారు: "లీక్ లేదు అంటే ఎంత లేదు?"

నా దగ్గర అంకె లేదు. లీక్ అనేది ప్రతి జాయింటుకూ ఎంతో కొంత ఉంటుంది. సెకనుకు 10⁻⁶ మిల్లీబార్-లీటర్లా, 10⁻³ నా అన్నదే ప్రశ్న. జాయింటు విప్పించి మళ్లీ మొదటినుంచి చేయమన్నారు. విప్పితే, ఓ-రింగ్ (లీకు ఆపే గుండ్రటి సీలు) కూర్చునే గాడిలో ఒక దారప్పోగు. తుడిచిన గుడ్డ నుంచి ఊడింది. దాన్ని నేను చూడలేదు, పక్కనున్న టెక్నీషియన్ అన్న టార్చి ఏటవాలుగా పట్టి చూపిస్తే అప్పుడు కనిపించింది. "సార్, సూటిగా వేస్తే కనపడదు. పక్కనుంచి వేయాలి, నీడ పడుతుంది" అన్నాడు. ఇరవై ఏళ్లుగా అలాంటి గాడులు చూస్తున్న మనిషి. రెండ్రోజులు పోయాయి, తప్పు పూర్తిగా నాదే.

అందుకని మొదటి ఐదేళ్లకు మూడు అలవాట్లు. లాగ్‌బుక్‌లో "ఓకే" అనే మాట రాయకండి, అంకె రాయండి, పక్కన టైమ్, పరికరం కాలిబ్రేషన్ తేదీ. కనెక్టర్‌ను ఎన్నిసార్లు పెట్టి తీశారో లెక్క రాయండి, ప్రతిసారీ పిన్ను కొంచెం అరుగుతుంది. టెక్నీషియన్ల దగ్గర టీ తాగండి, డిజైన్ ఆఫీసులో పదేళ్లు కూర్చున్నా దొరకని సంగతులు అక్కడ దొరుకుతాయి.

5. తప్పు కాగితం మీద పెట్టడం నేర్చుకోండి

డ్రాయింగ్‌లో ఉన్నట్టు లేని ప్రతిదానికీ ఒక నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్టు రాయాలి. కొత్తవాళ్లు దీన్ని ఫిర్యాదు అనుకుంటారు, ఫ్యాబ్రికేషన్ వాళ్లతో మాటొస్తుందని మొహమాటపడతారు. రాయండి. చిన్న గీత పడినా రాయండి. ఎంత, ఎక్కడ, ఎవరు చూశారు. "బహుశా", "అనుకుంటా" వద్దు.

2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 గంటా 14 నిమిషాల్లో లేవాల్సి ఉండగా రెండో స్టేజిలో ఇంధనం లీకవుతోందని కనిపించింది. ఆపేశారు. రాకెట్‌ను లాంచ్ ప్యాడ్ మీదనుంచి వెనక్కి తీసుకెళ్లారు. ట్యాంకుకు వాడిన అల్యూమినియం మిశ్రమం కాలక్రమంలో పగుళ్లిచ్చే రకం అని తేలింది. 2219 అనే మిశ్రమంతో చేసిన ట్యాంకుతో కొత్త స్టేజి పెట్టారు. 2014 జనవరి 5న అదే రాకెట్ మన సొంత క్రయో ఇంజినుతో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆగస్టులో ఎవరో మొహమాటపడి ఉంటే జనవరి ఉండేది కాదు.

6. మెట్లు ఎక్కడం

ఇస్రోలో హోదాలు ఎస్‌సీ తర్వాత ఎస్‌డీ, ఎస్‌ఈ, ఎస్‌ఎఫ్, ఎస్‌జీ, ఆపైన జీ, హెచ్. పైవాళ్లు రిటైరై ఖాళీ వస్తే గానీ ప్రమోషన్ రాదనే బాధ ఇక్కడ లేదు. నిర్ణీత సర్వీసు అయ్యాక మీ పనిని చూసి, బోర్డు ముందు ఇంటర్వ్యూ చేసి ఇస్తారు. అందుకే నాలుగో మెట్టులో చెప్పిన లాగ్‌బుక్కులు దాచుకోమంటాను. "ఏం చేశావు?" అని బోర్డు అడిగితే టీమ్ చేసినదంతా చెప్పేవాడు ఇరుక్కుంటాడు, తను కొలిచింది చెప్పేవాడు బయటపడతాడు.

ఎస్‌ఈ వరకు ఒక భాగం మీద పట్టుతో లాగొచ్చు. అక్కడినుంచి పక్కవాడి పని తెలియాలి. 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వీ అనే చిన్న రాకెట్ మొదటి ప్రయోగం చూడండి. రెండో స్టేజి విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపుకు యాక్సిలరోమీటర్లు (వేగంలో మార్పును కొలిచే సెన్సర్లు) కాసేపు తికమకపడ్డాయి. సెన్సర్లు చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ లాజిక్ తీర్మానించేసింది. నిజానికి అవి బాగానే ఉన్నాయి. ఉపగ్రహాలు తప్పు కక్ష్యలో పడి పనికిరాకుండా పోయాయి. సెపరేషన్ సిస్టమ్ ఒక బృందానిది, సెన్సర్లు ఒకరివి, లాజిక్ ఇంకొకరిది. ప్రయోగం చెడింది ఆ ముగ్గురి మధ్య సందులో. కాబట్టి మీ భాగం కొసన ఎవరి భాగం మొదలవుతుందో వాళ్ల రివ్యూలకు పిలవకపోయినా వెళ్లి వెనక కూర్చోండి.

ఎంటెక్, పీహెచ్‌డీ? చేయండి, ఉద్యోగంలో తగిలిన సమస్య మీదే చేయండి. పదోన్నతి కోసమే చేస్తే చదువూ, పనీ రెండూ చెడతాయి.

7. లాంచ్ కంట్రోల్ గది

సెక్షన్ హెడ్, డివిజన్ హెడ్, గ్రూప్ డైరెక్టర్ ఒక దారి. డిప్యూటీ ప్రాజెక్ట్ డైరెక్టర్, వెహికల్ డైరెక్టర్, మిషన్ డైరెక్టర్ ఇంకో దారి. చాలామంది రెండింటి మధ్యా తిరుగుతారు. ఇక్కడికి రావడానికి ఇరవై ఏళ్లకు తక్కువ పట్టదు. పని మాత్రం ఎదురుచూస్తోంది. 30 టన్నులు మోసే కొత్త రాకెట్‌కు 2024 సెప్టెంబర్‌లో, శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కు 2025 జనవరిలో కేంద్ర క్యాబినెట్ ఆమోదం తెలిపింది. ఇప్పుడు ఇంటర్ చదివేవాళ్లు పెద్దవాళ్లయ్యేసరికి ఆ ప్యాడ్ మీద నిలబడేవి వాళ్ల రాకెట్లే.

ఈ స్థాయిలో మీ పని ముఖ్యంగా ఆపడం. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగింది. రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు, దేశమంతా టీవీల ముందుంది. ఆపారు. జూలై 22న ఎగిరింది. ఆపే ధైర్యం ఆ పూట పుట్టదు. రెండో ఏట జాయింటు విప్పమన్నప్పుడు మీరేం చేశారన్నదాని మీద ఆధారపడుతుంది.

8. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి

లాంచ్ క్యాంపెయిన్ అంటే వారాల తరబడి గెస్ట్ హౌస్ బతుకు. పండక్కి టికెట్ బుక్ చేసి క్యాన్సిల్ చేయడం మామూలే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తోడల్లుడి జీతంతో మీ జీతాన్ని పోల్చే కార్యక్రమం ప్రతి పెళ్లిలోనూ జరుగుతుంది, దానికి మందు లేదు. పెళ్లిచూపుల్లోనే ఈ సంగతులు చెప్పేస్తే తర్వాత టెన్షన్ తక్కువ.

ఇక మీరు సీనియర్ అయ్యారని ఆర్డర్ కాగితం చెప్పదు. నాకెలా తెలిసిందో చెబుతాను. ఒక రాత్రి పదకొండింటికి మా జూనియర్ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, టెస్ట్ ఆపేశాను. మూడో జాయింటు. పది పవర్ మైనస్ నాలుగు, టైమ్ పది నలభై రెండు. మళ్లీ చూశాను, అంతే వచ్చింది." అంకె నేను అడక్కముందే చెప్పింది. ఆపినందుకు పైవాళ్లు ఏమంటారోనని గొంతులో బెదురుంది. "వస్తున్నానమ్మా. నేనొచ్చేదాకా బోల్టు ముట్టుకోకండి. టార్చి ఉందా?" అని అడిగి చెప్పులేసుకున్నాను.